రాత్రి పన్నెండింటికి ఎవరి తలుపు కొట్టాలి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. పలాస నుంచి విజయవాడ వచ్చి నెలన్నర. సింగ్‌నగర్‌లో మూడో అంతస్తులో అద్దె ఇల్లు. మీవారికి ఆటోనగర్‌లో ఉద్యోగం, వారం విడిచి వారం నైట్ షిఫ్టు. నాలుగేళ్ళ పాప, ఎనిమిది నెలల బాబు. సగం అట్టపెట్టెలు ఇంకా విప్పలేదు. పాప "ఏటీ" అంటే కింద పిల్లలు నవ్వుతున్నారని ఆడుకోవడానికి దిగడం మానేసింది. పక్కవాళ్ళు అడిగే ప్రశ్నలు మీకు నచ్చడం లేదు. దిగిన రోజు ఎదురింటావిడ స్టీలు గిన్నెలో పులిహోర ఇచ్చింది, ఆ గిన్నె ఇంకా మీ వంటింటి గట్టు మీదే ఉంది. పోయిన వారం అర్ధరాత్రి బాబుకు జ్వరం వస్తే, ఆయన డ్యూటీలో ఉంటే, ఎవరిని లేపాలో తెలియక తెల్లవార్లూ తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ కూర్చున్నారు. ఇదంతా రాసి చివర "ఇల్లు త్వరగా సర్దుకునే పద్ధతి చెప్పండి" అని అడిగారు.

నేను ఈ ఊరికి 1996లో నూజివీడు నుంచి చంటిపిల్లతో వచ్చాను. ఐదు ఇళ్ళు మారాను. ఒక ఇంట్లో ఉండగా పదకొండేళ్ళు అపార్ట్‌మెంటు అసోసియేషన్ పనులు చూశాను. కొత్తగా దిగిన కుటుంబాలు ఎక్కడ తడబడతాయో దగ్గరుండి చూసిన దాన్ని. అందుకే చెబుతున్నాను, అట్టపెట్టెలు దసరా దాకా అలాగే ఉన్నా నష్టం లేదు. వంట సామాను, పిల్లల బట్టలు, మందులు, కాగితాలు బయటికి తీశారా? చాలు. ముందు ఆ అర్ధరాత్రి సంగతి తేలాలి. ఒక తల్లి పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని, గోడ అవతల మనుషులుండి కూడా, తెల్లవారే దాకా ఒక్కతే కూర్చోవడం నా మనసును చాలా కష్టపెట్టింది.

మొదట జ్వరం మాట. ఈ వారం పగటిపూట, బాబు హుషారుగా ఉన్నప్పుడు, ఆయన్ని తీసుకుని రాత్రిళ్ళు పిల్లల డాక్టరు ఉండే ఆసుపత్రి ఏదో వెళ్ళి చూసి రండి. ఫోన్లో వెతికితే సరిపోదు. గేటు రాత్రి ఎటువైపు తెరిచి ఉంటుంది, డాక్టరు అక్కడే ఉంటారా లేక కబురు చేస్తే వస్తారా, ఇవి అక్కడే అడగాలి. ఇంటి నుంచి ఆటోలో ఎంతసేపు పడుతుందో కూడా తెలుస్తుంది. ఆ నంబరు, మీకు నమ్మకమైన ఒక ఆటో అతని నంబరు, 108, ఈ మూడూ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. బిడ్డ పాలు తాగకపోయినా, లేపినా కళ్ళు తెరవకుండా మగతగా ఉన్నా, ఎగఊపిరి తీస్తున్నా, ఫిట్స్ వచ్చినా తెల్లవారే దాకా ఆగవద్దు. జ్వరం మందు మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది. ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు బరువు తూయించి ఎన్ని ఎంఎల్ వెయ్యాలో రాయించుకోండి. ఆ చీటీ సీసాకే చుట్టి రబ్బరుబ్యాండు వేయండి. అర్ధరాత్రి కంగారులో అదే అక్కరకొస్తుంది.

ఇంకో నెలలో బాబుకు తొమ్మిది నెలలు నిండుతాయి. అప్పుడు మీజిల్స్, రుబెల్లా టీకా మొదటి డోసు వేయించాలి. పలాసలో ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు ఏ పెట్టెలో ఉందో ఇవాళే వెతికి తీయండి. దాన్ని తీసుకుని మీ వార్డు హెల్త్ సెంటరుకు వెళ్తే ఏఎన్ఎం అమ్మాయి మీ పేరు రాసుకుంటుంది. టీకాలు సాధారణంగా బుధ, శనివారాల్లో వేస్తారు. ఆ వరసలో కూర్చున్న తల్లులందరూ మీ చుట్టుపక్కల వీధుల వాళ్ళే, అందరి చేతుల్లోనూ పసివాళ్ళే. ఈ ఊళ్ళో నా మొదటి స్నేహితురాలు అలా టీకాల బల్ల మీద పక్కన కూర్చున్నావిడే. ఆవిడ కూతురు పెళ్ళికి పోయిన ఏడాది పసుపు దంచి వచ్చాను.

ఇక నీళ్ళు. విజయవాడలో ఇల్లు అలవాటు కావడమంటే సగం నీళ్ళ సంగతి తెలియడమే. కృష్ణ పక్కనే ఉంది, ఊరి మధ్యలో నుంచి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ పోతాయి, అయినా ఏ పంపులో ఏ నీళ్ళొస్తాయో అడిగి తెలుసుకోవాల్సిందే. మీ వాచ్‌మన్‌ను పిలిచి మున్సిపల్ నీళ్ళు ఏ వేళకు వదులుతారు, సంపులోకి వెళ్తాయా నేరుగా పైకి ఎక్కుతాయా, బోరు నీళ్ళు వాటితో కలుస్తాయా, ట్యాంకు ఆఖరుసారి ఎప్పుడు కడిగించారు అని అడగండి. ట్యాంకు ఆర్నెల్లుగా కడగకపోతే అసోసియేషన్ వాళ్ళకు చెప్పి కడిగించండి. కొత్తవాళ్ళం కదా అని మొహమాటపడవద్దు, మెయింటెనెన్సు మీరూ కడుతున్నారు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే బకెట్ల మీద, గీజరులో తెల్లగా పొర కడుతుంది. పిల్లల తలస్నానానికి మున్సిపల్ నీళ్ళు పట్టి ఉంచుకోవడం మేలు. బాబుకు తాగించే నీళ్ళు మాత్రం, అవి క్యాను నీళ్ళే అయినా సరే, మరగకాచి చల్లార్చినవే పట్టండి. క్యానులన్నీ ఒకేలా ఉండవు. మూత సీలు చూడండి, క్యాను అడుగున పాకుడు ఉంటే తిప్పి పంపేయండి.

మీరున్నది సింగ్‌నగర్ కాబట్టి బుడమేరు వాగు గురించి కూడా చెప్పాలి. భయపెట్టడానికి కాదు, ఇల్లు చూపించినప్పుడు ఓనర్లు ఈ మాట చెప్పరు. 2005లో మాకూ చెప్పలేదు. కింది పోర్షనులో ఉన్నాం, మా పెళ్ళి ఆల్బమ్ అప్పటి వరదలోనే పోయింది. మైలవరం వైపు కొండల్లో పడిన వాన బుడమేరులోకి దిగి కొల్లేటి దాకా పోవాలి. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, అక్కడి నుంచి మళ్ళింపు కాలువ తవ్వి, ఆ నీటిని ఇబ్రహీంపట్నం దగ్గర, ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణలో కలుపుతారు. కృష్ణ మామూలుగా ఉన్నప్పుడు ఇబ్బంది లేదు. కృష్ణ కూడా పొంగితే ఆ నీరు అందులో కలవలేక వెనక్కి ఎగదన్నుతుంది. 2024 సెప్టెంబరు 1న జరిగింది అదే. బ్యారేజీ దగ్గర కృష్ణ పొంగుతున్న వేళ, ఇటు బుడమేరుకు గండ్లు పడ్డాయి; మర్నాటికి బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల 43 వేల క్యూసెక్కులకు చేరింది. వాటిని పూడ్చడానికి సైన్యం కూడా రావాల్సి వచ్చింది.

అప్పటికి మేం సింగ్‌నగర్‌లోనే ఇంకో ఇంట్లో, రెండో అంతస్తులో ఉన్నాం. ముందు రోజంతా ఆగకుండా వాన. ఆదివారం పొద్దున పాలప్యాకెట్లకు దిగిన మావారు మోకాలి లోతు నీళ్ళలో వెనక్కి వచ్చారు. మధ్యాహ్నానికి కింది పోర్షను కిటికీలు కనపడలేదు. ఆ కింది ఇంటివాళ్ళతో మాకు రెండేళ్ళుగా మాటల్లేవు, బండి పెట్టుకునే చోటు మీద పట్టింపులొచ్చి. ఆ ఇంటావిడ ముసలి అత్తగారిని వీపు మీద ఎక్కించుకుని, సర్టిఫికెట్ల సంచి పళ్ళతో కరిచి పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. నేను తలుపు తీశాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. నేను అత్తగారిని పట్టుకున్నాను, ఆవిడ సంచి నేల మీద పెట్టి గోడకు జారగిలబడి ఏడ్చింది.

ఐదు రోజులు పదకొండు మందిమి ఆ రెండు గదుల్లో ఉన్నాం. మోటారు నీళ్ళలో మునిగింది, కరెంటు లేదు, పై ట్యాంకులో ఉన్నదే నీరు. పొద్దున్నే డాబా ఎక్కి ట్యాంకులో కర్ర ముంచి, తడిసినంత మేర గోడ మీద సుద్దముక్కతో గీత గీసేవాళ్ళం. మనిషికి రోజుకు ఇన్ని చెంబులని లెక్క. పసిపిల్లలకు లెక్క లేదు. సగం అయిపోయిన గ్యాస్ బండతో పదకొండు మందికి రెండు పూటలా గంజి, అన్నం సరిపెట్టింది ఆ కిందింటావిడే. మూడో రోజు డాబా మీద డ్రోను వదిలిన పొట్లాలు ముందు ఎవరికి పెట్టాలో నిర్ణయించింది కూడా ఆవిడే. ఇప్పుడు మేం వేరే పేటలో ఉన్నాం, అయినా ప్రతి కార్తీకమాసం ఆవిడ వచ్చి ఒక పూట మా ఇంట్లో ఉండి వెళ్తుంది.

కాబట్టి మీరు చేయాల్సినవి చెబుతాను. మెట్ల దగ్గర గోడ మీద నీళ్ళు నిలిచిన చార ఉందేమో చూడండి, రంగు వేసేసినా పక్కింటి ప్రహరీ మీద కనపడుతుంది. మీ ఇల్లు మూడో అంతస్తు, ఇంట్లోకి నీరు రాదు. కానీ మోటారు, మీటర్లు, లిఫ్టు గది కింద ఉంటే అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. మీటర్ల బోర్డు ఎంత ఎత్తున ఉందో చూసి, తక్కువలో ఉంటే పైకి మార్పించే మాట మీటింగులో ఎత్తండి. జూలై వచ్చేసరికి రెండు క్యాన్ల నీళ్ళు, బాబుకు వారానికి సరిపడా ఆహారం, టార్చి, పవర్‌బ్యాంకు విడిగా పెట్టి ఉంచండి. ఒరిజినల్ కాగితాలు ప్లాస్టిక్ కవర్లో వేసి బీరువా పై అరలో పెట్టండి. బండికి థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే ఈసారి పూర్తి ఇన్సూరెన్సుకు మార్చండి. మునిగిన బండిని మెకానిక్ చూడకుండా స్టార్ట్ చేయవద్దు, ఇంజన్లోకి నీరు లాగి ఖర్చు పదింతలవుతుంది.

అంతకంటే ముందు ఎండలున్నాయి. పలాసలో సముద్రపు గాలి అలవాటైన పిల్లలకు బెజవాడ మే నెల కొత్త. రోహిణి కార్తెలో గోడలు రాత్రి పదింటికి కూడా సెగలు కక్కుతాయి. మీది ఆఖరి అంతస్తయితే ఓనరును అడిగి డాబాకు తెల్ల కూలింగ్ పెయింటు వేయించండి, తేడా తెలుస్తుంది. పడమటి కిటికీకి ముదురు రంగు మందపాటి కర్టెన్లు కావాలి. షోరూముల్లో రెడీమేడ్‌వి కొనకుండా వన్‌టౌన్‌లోని బట్టల మార్కెట్ వస్త్రలతలో గుడ్డ తీసుకుని కుట్టించుకోండి. కిటికీలకు దోమల మెష్ కర్టెన్ల కంటే ముందు, కాలువల ఊరిది. పదకొండు నుంచి నాలుగు దాకా పిల్లల్ని బయటికి తీయవద్దు.

కాగితాల పని చిన్నదే. ఇంట్లో దిగిన రోజు కరెంటు మీటరు రీడింగు ఫోటో తీశారా? తీయకపోతే మొదటి బిల్లు మీద ఉన్న రీడింగుతో ఇప్పుడే ఓనరుతో సరిచూసుకోండి. గోడల పగుళ్ళు, కారే పంపులు ఫోటోలు తీసి ఓనరుకు వాట్సాప్ చేయండి. అడ్వాన్సు తిరిగి తీసుకునేటప్పుడు గొడవ ఉండదు. కరెంటు పోతే 1912. రేషను కార్డు శ్రీకాకుళం జిల్లాదైనా ఇక్కడి డిపోలో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. ఆధార్ చిరునామా మార్చుకోండి, ఓటు మార్పుకు ఫారం 8. వార్డు సచివాలయం ఎక్కడుందో ఒకసారి వెళ్ళి చూసుకోండి.

ఇప్పుడు ప్రశ్నల సంగతి. అద్దె ఎంత, ఆయన జీతమెంత, మీరేమిట్లు అని అడుగుతున్నారని రాశారు. మొదటి రెండూ ఇక్కడి వాళ్ళ పలకరింపులో భాగం. "మీరిచ్చే దానికి అటూ ఇటూగానే ఉందండీ" అంటే అక్కడితో ఆగుతారు. మూడోది వేరు. కులం అడిగి దాన్ని బట్టి గిన్నె ఇవ్వాలా వద్దా అని చూసుకునే మనుషులు ఈ ఊళ్ళో ఉన్నారు, లేరని నేను చెప్పలేను. నాకది అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. చెప్పి తీరాల్సిన బాధ్యత మీకు లేదు. "మేం పలాస వాళ్ళమండీ" అని, వాళ్ళ పిల్లల చదువు గురించి అడగండి. అక్కడితో వదిలేసిన వాళ్ళు మీకు పనికొచ్చే మనుషులు. మళ్ళీ మళ్ళీ గుచ్చి అడిగే వాళ్ళతో నమస్కారం వరకే ఉంచుకోండి. పులిహోర ఇచ్చినావిడ ఇవేవీ అడగలేదని మీరే రాశారు, ఆ మాట మర్చిపోకండి.

పాప గురించి. దయచేసి ఆ పిల్లను "ఏటీ అనకు, ఏంటి అను" అని దిద్దవద్దు. తన అమ్మమ్మ మాట తప్పని నాలుగేళ్ళ పిల్లకు నేర్పకూడదు. రెండు నెలల్లో కింద ఒక మాట, ఇంట్లో ఒక మాట తనే మాట్లాడుతుంది, పిల్లలకు అది కష్టం కాదు. మీరు చేయాల్సింది వారం రోజులు సాయంత్రం ఐదున్నరకు బాబును ఎత్తుకుని తనతో పాటు కిందికి దిగి అక్కడే కూర్చోవడం. తల్లి పక్కనుంటే నవ్వే పిల్లలు తగ్గుతారు. ఆటకు పిల్ల కావాల్సి వచ్చిన రోజు వాళ్ళే పిలుస్తారు. వీలైతే ఒక ముగ్గురు పిల్లల్ని మీ ఇంటికి పిలిచి చెగోడీలు పెట్టండి. జూన్‌లో బడి తెరిచే లోపు దగ్గర్లో అంగన్‌వాడీ ఉంటే రోజూ రెండు గంటలు పంపినా మంచిదే, మూడేళ్ళు నిండిన పిల్లల్ని చేర్చుకుంటారు.

ఇంకొకటి. మీ వాచ్‌మన్ భార్యను ఎప్పుడైనా ఏ ఊరని అడిగారా? విజయవాడ అపార్ట్‌మెంట్లలో కాపలా ఉండేవాళ్ళు, ఇళ్ళు కట్టే కూలీలు చాలామంది విజయనగరం, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళే. మా బిల్డింగులో ఉండే అమ్మాయిది మందస. ఆ అమ్మాయికి అందరి ఇళ్ళ సంగతులూ తెలుసు. ఎవరింట్లో నర్సు ఉంది, ఎవరికి కారుంది, రాత్రి ఎవరు ఆలస్యంగా పడుకుంటారు, అన్నీ. మీ బిల్డింగులో ఆవిడ నోట "ఏటమ్మా" అన్న మాట వినబడితే మీ పాప ముఖం ఎలా వెలుగుతుందో నాకు తెలుసు. ఆవిడను పని చెప్పడానికే కాకుండా కూర్చోబెట్టి కాఫీ ఇవ్వడానికి కూడా పిలవండి.

ఊరు కూడా కొంచెం చూడండి. ఇప్పుడు ఆడవాళ్ళకు సిటీ బస్సుల్లో టికెట్టుకు డబ్బుల్లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఆయన సెలవు రోజు ఎండ తగ్గాక పిల్లలతో బస్సెక్కి బ్యారేజీ దగ్గర దిగండి. అటు కొండ మీద అమ్మవారి గుడి దీపాలు, ఇటు నీళ్ళ మీద గాలి. పాపకు ఇది మన ఊరు అని వేలు పెట్టి చూపించడానికి ఏదో ఒకటి కావాలి కదా. దసరా పది రోజులు మాత్రం వన్‌టౌన్ వైపు బండి మీద వెళ్ళే పని పెట్టుకోవద్దు, దారులన్నీ మళ్ళిస్తారు.

చివరికి ఆ గిన్నె. నెలన్నర అయింది, ఇప్పుడు ఇస్తే ఏమనుకుంటుందో అని మీరు వెనకాడుతున్నారు. ఖాళీ గిన్నె ఇవ్వకూడదు, ఏం వేసి ఇవ్వాలో తోచక ఆగిపోయారు, అంతే కదా. పలాస నుంచి వచ్చారు, ఇంట్లో జీడిపప్పు లేకుండా ఉండదు. రేపు సాయంత్రం కాస్త సేమ్యా పాయసం చేసి, జీడిపప్పు నేతిలో ఎర్రగా వేయించి పైన వేసి, పాపను వెంటబెట్టుకుని వెళ్ళండి. ఆలస్యమైందని సంజాయిషీ చెప్పుకోవద్దు. లోపలికి రమ్మంటే వెళ్ళి కూర్చోండి. బాబుకు జ్వరం వచ్చిన రాత్రి సంగతి మీరే చెప్పండి. ఆవిడ "అయ్యో, నన్ను లేపకపోయారా" అంటుంది. అప్పుడు ఫోన్ నంబరు అడిగి తీసుకోండి. ఆ నంబరు కూడా ఫ్రిజ్ మీద కాగితంలో, 108 కింద రాయండి.